మూడో టేపులోని వంటామె

ఇజ్రాయేల్‌కు మనుషులంటే చులకన. ఇది అతని వెనక ఎవరో అనుకున్న మాట కాదు, నలుగురు కూడిన చోట తానే కుర్చీ వెనక్కి వంచి మరీ చెప్పుకునేవాడు. "ఎనిమిది వందల పెళ్లిళ్లు తీసిన. మనిషి పప్పు కలుపుకునేటప్పుడు ఎట్లుంటడో, అప్పగింతలప్పుడు ఏడుపు రాకున్నా కెమెరాను చూసి ఎట్ల ఏడుస్తడో నాకెర్కైనట్టు ఇంకెవరికీ ఎర్క లేదు. చూసి చూసి మర్యాద ఏడికెళ్లి పుడ్తది?"

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ఎదురు సందులో, నిటారు మెట్లెక్కితే వచ్చే చిన్న గదిలో ఇరవై ఏడేళ్లు వీడియో షాపు నడిపాడు. భుజం మీద కెమెరా, వెనక లైటు పట్టుకునే మనిషి, ఆ మనిషి వెనక పాములాంటి వైరు. ఆ లైటు వెలుగుతున్నంతసేపు పెళ్లిపెద్ద కన్నా తానే పెద్ద. ఇజ్రాయేల్ "ఆగుర్రి" అంటే అయ్యగారు మంత్రం ఆపేవాడు. "మళ్లొకసారి" అంటే పెళ్లికొడుకు వేసిన ముడి మీదే చెయ్యి పెట్టి మళ్లీ వేసినట్టు నటించేవాడు. లక్షాధికారులు, ఆఫీసర్లు, పళ్లూడిన ముసలమ్మలు, అందరూ ఒక గాజుముక్క ముందు దువ్వెన కోసం జేబులు తడుముకునేవాళ్లే. అది చూసి అతనికి లోలోపల నవ్వొచ్చేది. ఆ నవ్వే ముదిరి ఏవగింపు అయింది.

తర్వాత ఫోన్లు వచ్చాయి, గాలిలో ఎగిరే కెమెరాలు వచ్చాయి, పెళ్లికి నెల ముందే పొలాల్లో పరిగెత్తి తీయించుకునే వీడియోలు వచ్చాయి. "లగ్గం కాకముందే లగ్గం జేసుకునేటోళ్లు" అని పెదవి విరిచి ఇజ్రాయేల్ షాపు మూసేశాడు. మూసేటప్పుడు నాంపల్లిలోని ఇంటికి వచ్చిన సామాను అంతా టేపులే. పాటలు అతికించి, పువ్వులు ఎగరేసి తయారుచేసిన క్యాసెట్టును జనం తీసుకుపోయారు గాని, కత్తిరించని అసలు టేపులు అడిగినవాడు ఒక్కడూ లేడు. అవి పదకొండు వందల పైచిలుకు. స్టేషను వెనక గల్లీలో రెండంతస్తుల ఇల్లు అతనిది. కింద తనూ భార్య ఎమిలీ, పైన కిరాయికి జమున అనే ఆమె, ఆమె కూతురు వనిత. మెట్ల కింద చెప్పులు పెట్టుకునే చోట టేపుల మూటలు పేర్చాడు.

ఖాళీగా ఉన్న మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టాలి. ఇజ్రాయేల్‌కు సర్వర్ పిచ్చి పట్టింది. జగదీశ్ మార్కెట్ పక్కన ఏదో ఆఫీసు పారేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చాడు, అందులో పెద్ద హార్డ్ డిస్కులు రెండు బిగించాడు. పాత వీసీఆర్‌కు ఒక చిన్న డబ్బా తగిలించి ఒక్కో టేపునూ కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. మూడు గంటల టేపు ఎక్కాలంటే మూడు గంటలే పడుతుంది, దానికి దగ్గరి దారి లేదు. మూడేళ్లు పట్టింది. ఎక్కించిన టేపునల్లా చాదర్‌ఘాట్‌లో పాత సామాను కొనే కబాడీ దుకాణానికి పంపేశాడు. రెండు డిస్కులూ జంట. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే పడుతుంది. "ఒకటి సచ్చినా ఇంకోటి బతుకుతది. గవర్నమెంటుకు గూడ లేదు గిసుంటి బందోబస్తు" అనేవాడు.

ఇక హాల్లో సోఫాలో కూర్చుని రిమోట్ నొక్కితే చాలు. ఏ సంవత్సరం, ఏ ఫంక్షన్ హాలు, ఎవరి పెళ్లి, ఎన్నో టేపు, అన్నీ గోడంత టీవీ మీద వరసగా వచ్చేవి. నెలనెలా డబ్బు కట్టి ఎవరో ఆడించే బొమ్మలు చూసే ఇరుగుపొరుగు అతని కంటికి బిచ్చగాళ్లలా కనిపించేవాళ్లు. "వాడు ఆపేస్తే మీ బతుకు ఆగిపాయె. నాదైతే నా ఇంట్ల, నా మెట్ల కింద ఉన్నది."

సాయంత్రం చాయ్ తాగుతూ పాత పెళ్లిళ్లు వేసుకుని ముక్కు విరుస్తూ కూర్చోవడం అతనికి వ్యసనమైంది. "చూడు, చూడు, వీడు రెండోసారి లైనుల నిలబడ్డడు. గీమె గొలుసు ఎవరిదో అడిగి తెచ్చుకున్నది, తడుముకుంటనే ఉన్నది." ఎప్పుడూ సౌండ్ బంద్ చేసే చూసేవాడు. షాపులో ఉన్నప్పుడూ అంతే. టేపు చేతికి రాగానే మొదట దాని గొంతు నొక్కి, పైన సన్నాయో పాటో వేసేవాడు. మనుషుల మాటలంటే అతని లెక్కలో గోల.

ఎమిలీ మిషన్ దవాఖానలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆమె ఆ వ్యాఖ్యానాలు వింటూ బీరకాయలు చెక్కు తీసుకునేదే తప్ప ఔననీ కాదనీ అనేది కాదు. పైన జమున వాళ్లు పాత స్మార్ట్ టీవీ ఒకటి కొనుక్కున్నప్పుడు, దాంట్లో ఏమీ రావడం లేదని వనిత అంటే, ఎమిలీయే పైకి పోయి తన పాస్‌వర్డ్ కొట్టి ఇంటి సర్వర్ కలిపి ఇచ్చింది. పెళ్లిళ్లతో పాటు ఇజ్రాయేల్ తీసిన చర్చి నాటకాలు, క్రిస్మస్ పాటలు చూస్తారులే అనుకుంది. ఇజ్రాయేల్‌కు చెప్పింది కూడా. అతను వినలేదు.

ఒకరోజు కంప్యూటర్‌లో గరగర వినిపిస్తుంటే ఏం నడుస్తోందో చూద్దామని ఇజ్రాయేల్ దాని ముందు కూర్చున్నాడు. ఎవరు ఏది చూస్తున్నారో, ఎంతవరకు చూశారో సర్వర్ ఒక పేజీలో రాసిపెడుతుంది. 'పై పోర్షన్ టీవీ' అన్న పేరు కింద చర్చి నాటకాలు లేవు. అన్నీ నాంపల్లిలోని ఒకే ఫంక్షన్ హాలులో జరిగిన పెళ్లిళ్లు, వరసగా అరవై డెబ్బై ఉన్నాయి. వాటిలో ఒకటి, 1998 మే, గౌలిగూడ స్టీలు సామాన్ల షాపు రవిచంద్ర పెళ్లి, మూడో టేపు, పదహారుసార్లు. అది కూడా పూర్తిగా కాదు. గంటా పన్నెండు నిమిషాల దగ్గర మొదలుపెట్టడం, నిమిషం చూడడం, మళ్లీ వెనక్కి. అన్నీ గురువారం మధ్యాహ్నాలే.

"చూసినవా ఎమిలీ, నీ జమున ముచ్చట?" అన్నాడు. "గురువారం హాస్టల్ల సెలవు. కాలు మీద కాలేసుకొని పెద్దోళ్ల పట్టుచీరలు, నగలు లెక్క పెట్టుకుంటున్నది. ఒక్క నిమిషాన్ని పదహారుసార్లు! గంత ఆశ పనికిరాదు మనిషికి."

"అడిగి చూడుర్రి, ఎందుకో," అంది ఎమిలీ.

"అడిగేదేంది, బంద్ చేయిస్త."

గురువారం మధ్యాహ్నం దాకా ఆగి మెట్లెక్కాడు. జమునకు యాభై దాటాయి. ఆడపిల్లల హాస్టల్లో వంట. పొద్దున నూటయాభై మందికి టిఫిన్, రాత్రికి అన్నం. ఎడం చేతి మీద ఎప్పటిదో నూనె కాలిన మచ్చ. తలుపు తీసి "రండి సార్" అని ప్లాస్టిక్ కుర్చీ జరిపింది. ఇజ్రాయేల్ కూర్చోలేదు. టీవీ మీద రవిచంద్ర పెళ్లి ఆగి ఉంది.

"జమునా, గివి మా షాపు టేపులు. పెద్దపెద్దోళ్ల ఇండ్ల సంగతులు. నీకేం పని గిండ్ల?"

"మా అమ్మ ఉన్నది సార్ గిండ్ల," అంది జమున.

ఇజ్రాయేల్ టీవీ వైపు చూశాడు. భోజనాల హాలు. ముందు పెళ్లికూతురు, అరిటాకు, చుట్టాలు. పక్క నుంచి పెద్ద అన్నం బగోనె అంచు పట్టుకుని ఒకామె బొమ్మలోకి సగం వచ్చి ఉంది. కొంగు నడుముకు బిగించింది, నుదురంతా చెమట.

"గామె వంటామె గద," అన్నాడు.

"ఔ సార్. మా అమ్మనే. పూలమ్మ. గా హాల్ల ఇరవై ఏండ్లు వండింది, మోసింది, తోమింది. సచ్చిపోయి పన్నెండేండ్లాయె. రేషన్ కార్డు మీద తప్ప ఏడ ఫోటో లేదు. అది గూడ మసి పూసినట్టున్నది. మీ టేపులల్ల గా హాలు పేరు చూసి, దేంట్లనన్న దొరుకుతదేమోనని ఒక్కొక్కటే ఎతుక్కుంట వచ్చిన. మూడు నెలలు పట్టింది."

ఇజ్రాయేల్‌కు దిగిపోవడం నామోషీ అనిపించి, "మూల సగం మొకం కనిపిస్తే పదహారుసార్లు చూస్తరా?" అన్నాడు.

"మొకం గురించి కాదు సార్. మాట గురించి," అని జమున రిమోట్ నొక్కింది.

ఎన్నేళ్లో అయింది అతను ఆ టేపుల గొంతు విని. హాలంతా గిన్నెల చప్పుడు, పిల్లల ఏడుపు. అంతలో కెమెరా వెనక నుంచి, చెవికి అతి దగ్గరగా, ఒక మగగొంతు కస్సుమంది. "ఏయ్ బగోనె! జరుగు, జరుగు. నీ మొకం ఎవలు చూస్తరు? పెళ్లిపిల్లను పడనీయ్."

బగోనె మోస్తున్నామె ఆగింది. జరగలేదు. తిరిగి నేరుగా కెమెరాలోకి, అంటే ఇప్పుడు ఇజ్రాయేల్ ముఖంలోకి చూసింది. ముందు పళ్ల మధ్య సందు కనిపించేలా నవ్వింది.

"నా మొకం నీ డబ్బల పట్టదా బిడ్డా? మరి నేనండిన బువ్వ నీ కడుపుల ఎట్ల పడ్తది?"

బంతిలో కూర్చున్నవాళ్లు గొల్లుమన్నారు. పెళ్లికూతురు కూడా తల వంచుకుని నవ్వింది. బగోనె తాపీగా బొమ్మ దాటి పోయింది. మగగొంతు ఏదో గొణిగి ఆగిపోయింది.

"మా అమ్మ గట్లనే ఉండె," అంది జమున. ఆమె ముఖం వెలుగుతోంది. "ఎవలకు బాకీ ఉంచకపోయేది. గిది విన్నప్పుడల్ల నాకు గురువారం సెలవు చాలనిపిస్తది."

"ఆ గొంతు..." అన్నాడు ఇజ్రాయేల్.

"మీదే సార్. మొదటిసారి విన్ననాడే గుర్తుపట్టిన. పొద్దున నీళ్ల మోటర్ కాడ రోజూ వింటనే ఉన్న గద."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, తిరిగి అరవవచ్చు. ఇన్నాళ్లుగా ఈ ఆడమనిషి తనకు ఎదురుపడి "నమస్తే సార్" అంటూ, లోపల తనను ఏ తక్కెడలో పెట్టి తూచిందో అతనికి అప్పుడు అర్థమైంది. మెట్లు దిగాడు.

పరువున్న మనిషైతే ఆ పూటకు అక్కడితో ఆగేవాడు. ఇజ్రాయేల్ చేసిన పని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంటుంది. శనివారం ఎమిలీ చర్చి ఆడవాళ్ల మీటింగుకు పోయినప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని మూడో టేపు తెరిచాడు. పాత అలవాటే కదా, చేతికి వెతుక్కునే పని లేకుండా వచ్చేసింది. మొత్తం టేపు గొంతు తీసేసి, దాని మీద సన్నాయి పరిచాడు. పాతదాని స్థానంలోనే కొత్తది రాసి, లేచి చేతులు కడుక్కున్నాడు. చెత్త ఊడ్చి శుభ్రం చేసినట్టు తనకు తాను చెప్పుకున్నాడు. నా సర్వర్, నా టేపు, నా గొంతు. ఎవరికి జవాబు చెప్పాలి?

తర్వాతి గురువారం దర్గాకు పోయే జనంతో గల్లీ కిక్కిరిసి ఉంది. జమున కిందికి వచ్చి హాలు గడప దగ్గర నిలబడింది.

"సార్, మా అమ్మ మాట ఏది?"

"సౌండ్ల గరగర ఉండె. బాగు చేసిన," అన్నాడు ఇజ్రాయేల్, పేపరు దించకుండా.

"గరగర మీ మాటల ఉండె సార్. మా అమ్మ మాటల లేకుండె."

వంటింట్లో చేస్తున్న పని ఆపి ఎమిలీ బయటికి వచ్చింది. ఏం జరిగిందో జమునే చెప్పింది, ఒక్క మాట పెంచకుండా. అంతా విని ఎమిలీ భర్త చేతిలోంచి పేపరు తీసి మడిచి టీపాయ్ మీద పెట్టింది.

"పాతది ఉన్నదా?"

"రెండో డిస్కుల ఉంటది," అన్నాడు. అంటూండగానే అతనికి గుర్తొచ్చింది. జంట డిస్కులు. ఒకటి చెడిపోతే ఇంకొకటి కాపాడుతుంది, నిజమే. కానీ మనిషే కూర్చుని చెరిపితే రెండూ కలిసి బుద్ధిగా చెరుపుకుంటాయి. లేచి పోయి చూశాడు. రెండో డిస్కులోనూ సన్నాయే.

"లేదు," అన్నాడు, తిరిగి చూడకుండా.

జమున అతని వీపు వైపు చూసి మెట్లెక్కి పోయింది. ఎమిలీ మాత్రం వదల్లేదు.

"వంటామె మొకం ఎవలు చూస్తరన్నరు గద. మీ నాయిన మెదక్ మిషన్ హాస్టల్ల ఏం జేస్తుండె?"

ఇజ్రాయేల్ తండ్రి గురించి నలభై ఏళ్లుగా అందరికీ 'స్టోర్ ఇన్‌చార్జి' అని చెబుతూ వచ్చాడు. పెళ్లి మాటలప్పుడు ఎమిలీ వాళ్లకూ అదే చెప్పాడు. స్టోర్ అంటే పొయ్యి అని, ఇన్‌చార్జి అంటే గరిటె అని ఆమెకు పెళ్లయిన నెలకే అత్తగారు చెప్పేసింది. ఆమె ఇన్నేళ్లూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తి, జవాబు కోసం చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు అతను ఆటో పట్టుకుని చాదర్‌ఘాట్ పోయాడు. కబాడీ దుకాణం యజమాని బిచ్చయ్య ఇనుప సామాను మధ్య తక్కెడ పక్కన కూర్చుని ఉన్నాడు.

"వీడియో టేపులా? మీరు పంపినయి? పోయిన బతుకమ్మకు ముందే పోయినయి గద సార్. పైన ప్లాస్టిక్ కరగబోస్తరు. లోపలి నల్ల రీలు తీసి కట్టకట్టి పొలాలోళ్లకు అమ్మినం. పిట్టలు రాకుండ కడ్తరు. గాలికి మస్తు మోగుతది."

"ఒక్కటన్న మిగల్లేదా?"

బిచ్చయ్య అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "అంత కావల్సినయి అయితే కిలోల లెక్కన ఎందుకు ఏసినవ్ పెద్దమనిషీ?"

నీకేం తెలుసురా అని నోటిదాకా వచ్చింది. పక్కన ఇద్దరు హమాలీలు కూడా పని ఆపి చూస్తున్నారు. వచ్చిన మాట మింగి, మూసీ బ్రిడ్జి దాకా నడిచే వచ్చాడు. కోఠి బస్టాపుల దగ్గర జనం నెట్టుకుంటూ పోతుంటే, ఎప్పట్లా వాళ్లను మందగా చూసే ఓపిక అతనికి లేకపోయింది. ఏ ఇద్దరు మాట్లాడుకున్నా తన గురించేనేమో అనిపించింది.

ఇంటికొచ్చాక సర్వర్‌లో ఉన్న మిగిలిన టేపులు ఒక్కొక్కటీ సౌండ్ పెట్టి వినడం మొదలుపెట్టాడు. పూలమ్మ ఇంకో దాంట్లో ఎక్కడన్నా మాట్లాడి ఉంటుందని ఆశ. ఆమె దొరకలేదు. తనే దొరికాడు, ఎక్కడ పెట్టినా. "ఓ నల్ల చీరామె, నువ్వు కాదు, నీ ఎనుకామె." "తాతను పక్కకు గుంజుర్రి, నోట్లకెళ్లి కారుతున్నది." "పిల్లగాని తలకాయ దించు." "గిసుంటి చెప్పులతోని ముందల కూసుంటరా?" ఒకచోట ఒక కుంటి పిల్లను గుంపు ఫోటో అంచు దాకా నడిపించి, ఇంకా జరుగు, ఇంకా జరుగు అని, చివరికి ఆమె పూర్తిగా బొమ్మ దాటి పోయాక "ఆఁ, ఇప్పుడు సక్కగుంది" అన్నాడు. ఎనిమిది వందల పెళ్లిళ్లలో మనుషుల తక్కువతనం పట్టుకున్నానని అనుకున్నాడు. టేపుకు అన్నిటికన్నా దగ్గరగా, అన్నిటికన్నా స్పష్టంగా పట్టుబడిన తక్కువతనం తనదే. రెండో రోజు ఎమిలీ తలుపు దగ్గరకు వచ్చి, "జర సౌండ్ తగ్గించుర్రి, వినలేకపోతున్న" అని పోయింది.

సోమవారం సాయంత్రం పైకెక్కాడు. వనిత అప్పుడే కోఠిలో తను పనిచేసే ల్యాబు నుంచి వచ్చి మెడలో కార్డు తీయకుండానే చాయ్ తాగుతోంది. జమున హాస్టలుకు పోవడానికి కొంగు సర్దుకుంటోంది.

"దొరకలేదు జమునా," అన్నాడు ఇజ్రాయేల్. "చాదర్‌ఘాట్ దాకా పోయొచ్చిన. టేపు పోయింది. తప్పు నాదే."

తల్లీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వనిత చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"మా కాడ ఉన్నదంకుల్."

"ఏంది?"

"దొరికిననాడే టీవీ మీదికెళ్లి ఫోన్ల తీసి ఊర్ల పెద్దమ్మకు పంపిన. మీ సర్వర్ మీద నమ్మకమేముంది? పొద్దుగాల ఒక తీరు, సాయంత్రం ఒక తీరు ఉండేటోళ్లు మీరు."

ఇజ్రాయేల్‌కు ఒక్క క్షణం ఒళ్లంతా తేలికైంది, ఆ వెంటనే మండింది. "మరి మొన్న కిందికొచ్చినప్పుడు చెప్పొద్దా? నేను గంత తిరిగిన!"

"తిరగాలెననే చెప్పలేదు," అంది జమున.

అతను అలవాటు చావక, పనిమంతుడి గొంతు తెచ్చుకున్నాడు. "నాకు పంపు వనితా. ఫోన్ల తీసింది గలీజుగుంటది. శుభ్రం జేస్త. నా మాట తీసేసి అమ్మ మాట ఒక్కటే ఉంచి..."

"వద్దు సార్," అంది జమున. "మీ మాట లేకుంటే మా అమ్మ మాటకు తలకాయ ఏడిది? ఎవలకు చెప్పిందనుకోవాలె? గట్లనే ఉండాలె. రెండూ ఉండాలె."

"మరి పంపరా?"

"పంపం. మాట మాది. మీకు వినాలనుంటే కూసోండి, వినిపిస్త."

ఈసారి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. వనిత ఫోన్‌లోది టీవీ మీదికి ఎక్కించింది. బొమ్మ వంకరగా ఉంది, గోడ మీది ట్యూబులైటు తెర మధ్యలో గీతలా మెరుస్తోంది. కానీ గొంతులు పోలేదు. 'నీ మొకం ఎవలు చూస్తరు' అన్న మాట ఇద్దరు ఆడవాళ్ల ఎదుట వినడం ఎంత కష్టమో ఇజ్రాయేల్‌కు తెలిసింది. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక పూలమ్మ ముఖం వైపే పెట్టాడు. ఆమె నవ్వింది, అనవలసింది అంది, పోయింది.

"మళ్లొకసారి పెట్టు," అంది జమున కూతురితో. మళ్లీ పెట్టింది. ఆయన వినాలని కాదు. తనకు వినాలని ఉంది.

రెండోసారి కూడా అయిపోయాక ఇజ్రాయేల్ నోరు తెరిచాడు. క్షమించమని అడగడం అతనికి చేతకాదు, ఎన్నడూ చేసిన పని కాదు. "మంచిగ చెప్పింది," అన్నాడు. "ఆమె... మంచిగ చెప్పింది."

"ఔ," అంది జమున. "నాకు హాస్టల్ టైమైతుంది, లేవండి సార్."

ఆ ఆదివారం వనిత కిందికి వచ్చింది. ఎమిలీ పిలిస్తేనే వచ్చింది. ఇద్దరూ కంప్యూటర్ ముందు అరగంట కూర్చున్నారు. ఇజ్రాయేల్ సోఫాలోంచి మెడ చాపి చూశాడు.

"ఏం జేస్తున్నరు?"

"మీ అకౌంటుకు చూసేది మాత్రమే ఉంచుతున్నం అంకుల్," అంది వనిత. "చెరిపేది, రాసేది ఆంటీ అకౌంటుకు పోతది."

"నా సర్వర్ల నేను ముట్టొద్దా?" అని లేవబోయాడు.

"ముట్టుకున్నప్పుడు చూసినం గద," అంది ఎమిలీ. "ఆ హాలువి ఇంకా నలభై దాకా జమున చూడనివి ఉన్నయట. ఇంకో దాంట్ల ఆమె మాట్లాడి ఉండొచ్చు. అవి అయిపోయేదాక గింతే."

ఇజ్రాయేల్ మళ్లీ కూర్చున్నాడు. కోపం వచ్చింది, కానీ దాన్ని ఎవరి మీదికి విసరాలో తెలియలేదు. వనిత కీబోర్డు మీద చేతులు పెట్టి వెనక్కి తిరగకుండానే అడిగింది.

"పాత పాస్‌వర్డ్ చెప్పండి అంకుల్, మార్చాలె."

అతను నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరమే చెప్పాడు.